కొంగల జట్టుకి ఎడమచేతి వాటంవాడు

బోర్కెన్, మినెసోటా
జనవరి 15, 1978

బావా,

అంత్యక్రియల నాడు చర్చి మెట్ల మీద అడిగావు, ఆ రోజు ఏం జరిగిందని. అప్పుడు చెప్పలేకపోయాను. ఫోనులో నీకు వినబడదు, నాకు మాటలు రావు. అందుకని రాస్తున్నాను.

ఆగస్టు 14, ఆదివారం. నువ్వూ లియోనా అక్కయ్యా డకోటాలో పెళ్ళికి వెళ్ళి ఉన్నారు. నీ చెల్లెలు వెరీనా తెల్లవారకముందే మైదానానికి పోయింది. మట్టి తడిపింది, దంతెతో చదును చేసింది, సున్నపు గీతలు వేసింది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని చర్చిలో పూజకి వచ్చింది. మధ్యాహ్నం మీ హెల్మ్స్‌బర్గ్‌తో బేస్‌బాల్ ఆట. గెలిచిన ఊరు రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. మా జట్టు కొంగలు ఇంతవరకూ వెళ్ళలేదని నీకు తెలుసు, నువ్వు మరిచిపోనివ్వవు.

ఆమె వల వెనక మడతకుర్చీలో కూర్చుంది. మాకు బంతి విసురుతున్నది క్లెమ్. ఏడో ఇన్నింగ్స్‌లో, "ఆర్నో, క్లెమ్ చెయ్యి దిగిపోతోంది, బంతి ఇంక వాడి మాట వినదు," అంది. "తీసేసి ఎవర్ని పెట్టను?" అన్నాను. 4-3తో ఓడిపోయాం. మమ్మల్ని ఓడించింది నీ కొడుకే. తొమ్మిది ఇన్నింగ్స్ నోర్బర్ట్ ఒక్కడే విసిరాడు.

ఆట అయ్యాక, పిచర్ ఎక్కి విసిరే దిబ్బని సర్దడం ఆమె పని. పిచర్ బంతి విసిరినప్పుడల్లా ముందుకాలు పడి దిబ్బ మీద గుంట పడుతుంది. దాన్ని బంకమట్టితో పూడ్చి, దిమ్మిసతో కొట్టి, పైన టార్పాలిన్ కప్పాలి. ఆ రోజు చాలాసేపు పట్టింది. నోర్బర్ట్ వచ్చి అత్తతో కాసేపు మాట్లాడి వెళ్ళాడు. ఓడించినందుకు సర్దిచెబుతున్నాడు కాబోలనుకున్నాను. నేను కారులో ఉన్నాను.

ఆమె వచ్చి కూర్చుని అంది: "వచ్చే ఏడు మనకి కావలసింది ఒక్కడే. ఎడమచేతి వాటంవాడు. ఒకణ్ణి చూసిపెట్టాను. కానీ ఈసారి నువ్వే వెళ్ళి అడగాలి."

"ఎవర్ని?" అన్నాను.

"ఇంటికి పద, చెబుతా."

ఇంటికొచ్చాం. బూట్లు విప్పి, కాసేపు నడుం వాలుస్తానంది. భోజనానికి పిలిస్తే లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. అంతే బావా.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలి. తెలుసుకుంటే ఈ ఏడు మేము రాష్ట్ర పోటీలకి వెళ్తాం. ఆశపడి అంటున్న మాట కాదు, లెక్క చూసే అంటున్నాను. మిగతా ఎనిమిది చోట్లా మాకు లోటు లేదు.

అక్కయ్యని అడిగానని చెప్పు.
ఆర్నో

*

మేసా, ఆరిజోనా
జనవరి 27

కొంగల నాయకుడు ఆర్నో బావకి,

నీ ఉత్తరంలో మొదటి సగం గురించి ఏమీ రాయలేను. మా చెల్లెలు గీతలు వేసి, చేతులు కడుక్కుని వెళ్ళింది, అలా వెళ్ళాలి మనిషి. లియోనా చదివి లోపలికెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. నువ్వు చెప్పావు, అది చాలు.

ఇక రెండో సగం! దానికి ఎంతైనా రాస్తాను. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా బావా? మా హెల్మ్స్‌బర్గ్‌ని దాటలేని వాళ్ళు రాష్ట్ర పోటీల మాట ఎత్తుతున్నారే! ఎనిమిది చోట్లా లోటు లేదట! మీ క్యాచర్ రూబెన్ బంతి పట్టడానికి గొంతుక్కూర్చుంటే మోకాళ్ళ చప్పుడు మా పొలం దాకా వినిపిస్తుంది, చెవిటివాణ్ణి నాకే వినిపిస్తుంది. మీ క్లెమ్ ఆరు ఇన్నింగ్స్ సింహం, ఏడో ఇన్నింగ్స్ నుంచి గొర్రె. మీ కొంగలు చేపొస్తుందని ఒంటికాలి మీద నిలబడటమే, వచ్చాక మింగేది మేము.

అయినా ఎడమచేతి వాటంవాళ్ళు చెట్టుకి కాయరు. వెళ్ళి అడగాలి. మన పద్ధతి నీకు తెలుసు. ఆటగాడు తనంతట తాను ఇంకో ఊరి గడప తొక్కడు, తొక్కితే సొంత ఊళ్ళో తలెత్తుకోలేడు. మేనేజరే పోవాలి, వాళ్ళ వంటింట్లో కూర్చోవాలి, పెట్టింది తినాలి, ఆ తర్వాతే అడగాలి. నేను మేనేజరుగా ఉన్న రోజుల్లో నేలబంతులు ఆపే ఒక షార్ట్‌స్టాప్ కోసం వాళ్ళమ్మ పులియబెట్టిన క్యాబేజీ మూడు పళ్ళేలు తిన్నాను. షార్ట్‌స్టాప్ వచ్చాడు, నా కడుపు మాత్రం జులై దాకా దారికి రాలేదు.

నువ్వెప్పుడైనా ఒక్కణ్ణి అడిగావా? క్లెమ్‌ని అడిగింది వెరీనా. రూబెన్‌ని అడిగింది వెరీనా. నువ్వు ఇంజను ఆపకుండా బయట కారులో కూర్చునేవాడివి. క్లెమ్ వాళ్ళమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది, "పాపం కెమిస్ట్రీ మేస్టారికి కేకు కారులోకే పంపించాం" అని.

చలికాలం గడపడానికి మంచి చోటే, ఇక్కడ ఎండ. పెద్ద జట్లు వచ్చే నెల సాధనకి దిగుతాయి. చూసి వచ్చి నీకు పాఠం చెబుతాను.

నీకంటే మంచి జట్టు ఉన్న బావ,
సిల్వెస్టర్

*

బోర్కెన్
ఫిబ్రవరి 8

బావా,

కేకు సంగతి నిజమే. బాగుంది కూడా.

నీ ఎగతాళికి జవాబు. రూబెన్‌కి నవంబరులో మోకాలి ఆపరేషన్ అయింది. ధాన్యం మిల్లులో బస్తా ఎత్తి మరీ చూపించాడు. షార్ట్‌స్టాప్ డెల్బర్ట్ ఊరంతా పైపులు బిగించే చేతులతో నేలబంతి పట్టాడంటే జారదు. ఇక ఎర్విన్. వారమంతా ఉత్తరాలు పంచుతూ మంచులో నడుస్తున్నాడు, ఈ ఉత్తరమూ వాడే తీసుకెళ్తాడు. మొన్న గుమ్మంలో నిలబడి, "మేస్టారూ, ఈ ఏడు మధ్యమైదానంలో బంతి కింద పడితే నా జీతం మీది" అన్నాడు. వాడలా మాట్లాడే మనిషి కాదు. ఊరే మారిపోయింది బావా. మంగలి దుకాణంలో, బ్యాంకులో, చర్చి బయట ఇదే మాట. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలి, జనం నిలబడి బ్యాటింగు వరుస గురించి తగువులాడుతున్నారు.

మీ జట్టు సంగతీ చూశాను. మీ బ్యాటర్లలో మొదటి అయిదుగురిలో నలుగురు ఎడమవైపు నిలబడేవాళ్ళు. అలాంటివాళ్ళకి ఎడమచేతి బంతి కొరకరాని కొయ్య. వెరీనా ఇది ముందే లెక్కగట్టి ఉంటుంది. ఏడో ఇన్నింగ్స్‌లో క్లెమ్‌ని దించి అలాంటివాణ్ణి ఎక్కిస్తే మీ పని అయిపోయినట్టే.

ఆమె అనుకున్నది ఎవర్నో ఒక ఊహ తట్టింది. మా కొత్త చిన్న ఫాదర్, ఫాదర్ అలోయిస్. జులైలో వచ్చారు. చాలాసార్లు మైదానంలో వెరీనాతో మాట్లాడుతూ కనిపించేవారు. నిన్న బడిలో బోర్డు మీద రాస్తుంటే చూశాను. ఎడమచెయ్యి. కట్టెపుల్లంత సన్నం, కానీ చెయ్యి పొడుగు. సెమినరీలో ఫాదర్ చదువు చదివేటప్పుడు పిచర్‌నే అన్నారట.

ఆమె దంతె ముందుగది మూలనే ఉంది. తీయలేదు. మార్చిలో ఎలాగూ కావాలి.

ఆర్నో

*

మేసా
ఫిబ్రవరి 19

ఓ ఆర్నో బావా,

ఫాదరా! మీ ఊళ్ళో ఆడేవాళ్ళు అయిపోయారా, దేవుడి మనుషుల మీద పడ్డావు? అంపైరుకి చచ్చే చావు కదా, బంతి బయట పడిందంటే పాపం, లోపల పడిందంటే అబద్ధం!

నిన్న పెద్ద జట్టు సాధన చూశాను. పిచర్లు ఒక్కొక్కరూ ఎలా ఉన్నారంటే, చెప్పలేను. బంతి చేతిలోంచి వదిలినట్టే ఉండదు, క్యాచర్ గ్లవ్‌లో చప్పుడు మాత్రం ఠాప్‌మంటుంది. నా పక్కన ఎవడో పెద్దమనిషి, "ఇలాంటి ఎడమచెయ్యి జన్మలో చూడలేదు" అన్నాడు. నేనన్నాను, "మా ఇంట్లో ఉందయ్యా, పొద్దున్నే ఆవుల్ని పితుకుతుంది."

మావాడి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నోర్బర్ట్ ఈ ఏడు ఇంకా హెల్మ్స్‌బర్గ్‌కి సంతకం పెట్టలేదు. క్రిస్మస్ తర్వాత అన్నాడు, ఇప్పుడు ఇంకా చూద్దాం అంటున్నాడు. చెయ్యి నొప్పా అంటే కాదంటాడు. వెధవ, పుట్టినప్పటి నుంచి అంతే, పదమూడో సైజు బూట్లు వేసుకుంటాడు, నోట్లోంచి మూడు మాటలు రావు. వాడి బూట్లో పిల్లి ఈనవచ్చు అనేది వెరీనా. వాడి పొలం మీ ఊరికీ మా ఊరికీ నడిమధ్యనే కదా, నీకెక్కడైనా తగిలాడా? ఏమైనా అన్నాడా? నిజం చెప్పు.

తండ్రి మనసు, అంతే.
సిల్వెస్టర్

*

బోర్కెన్
మార్చి 5

బావా,

"నిజం చెప్పు" అన్నావు. చెబుతున్నాను.

నోర్బర్ట్‌ని నేను జనవరి నుంచి చూడలేదు. వాడితో ఆట మాట ఎత్తలేదు. నీ కొడుకుని నీ ఊరి జట్టులోంచి ఎగరేసుకుపోతానని నీ మనసులో ఉంటే, తీసెయ్యి. ఆ పని మీద వాడి గడప తొక్కను. మాట ఇస్తున్నాను.

ఆ అవసరమూ లేదు. ఫాదర్ అలోయిస్ ఒప్పుకున్నారు. నేనే అడిగాను, చర్చి వెనక గదిలో. వంటిల్లు కాదు, అయినా అడిగాను. ఆయన పెట్టిన పిప్పరమెంటు తిన్నాను. ఈస్టర్ అయ్యాక బడి జిమ్‌లో విసిరి చూస్తారు.

కాబట్టి మా తొమ్మిదిమందీ పూర్తి. ఊళ్ళో ఇప్పటికే సెప్టెంబరులో జరిగే రాష్ట్ర పోటీల గురించి మాట్లాడుతున్నారు.

ఆర్నో

*

మేసా
మార్చి 14

ఆర్నోకి,

నేను అడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి? కొడుకు మనసులో ఏముందో తెలియక అడిగితే, నన్ను అనుమానపు మనిషిని చేశావు. మాట కూడా ఇచ్చావు! ఎవరు అడిగారు నీ మాట?

సరే. మీకు ఫాదర్ దొరికాడు, సంతోషం. ఆదివారం లియోనా ఫోను చేసినప్పుడు పక్కనుండి ఆ సంగతి నోర్బర్ట్‌కి చెప్పించాను. "బోర్కెన్ వాళ్ళకి ఎడమచేతి వాటంవాడు దొరికాడట, ఇంక నువ్వూ హెల్మ్స్‌బర్గ్‌కి సంతకం పెట్టి, ఆ ఫాదర్‌ని ఓడించి చూపించు" అని. వాడు "అలాగా" అన్నాడట. ఆవు ఈనుతోందని ఫోను పెట్టేశాడట.

మే నెలలో మైదానంలో చూసుకుందాం.

సిల్వెస్టర్

*

బోర్కెన్
మార్చి 30

బావా,

నువ్వు కోపంలో ఉన్నావు. ఈ ఉత్తరం చదివితే పోతుంది.

మంగళవారం ఫాదర్ అలోయిస్ జిమ్‌లో విసిరారు. ఊరు సగం వచ్చింది. క్లెమ్ వాళ్ళమ్మ కేకు తెచ్చింది. మొదటి బంతి రూబెన్ తల మీదుగా పోయింది. రెండోది బాస్కెట్‌బాల్ వలలో పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. మూడోది గోడ గడియారానికి తగిలింది. నాలుగోది నాకు.

"మేస్టారూ, నన్ను క్షమించాలి," అన్నారు.

"క్షమించడం మీ పని కదా ఫాదర్," అన్నాను.

సెమినరీలో పిచర్ అన్నది నిజమే. అక్కడ మొత్తం తొమ్మిదిమందే ఉండేవారట, మిగతా ఎనిమిదిమంది అంతకంటే ఘోరమట. ఆయన చాలా మంచి మనిషి. ఇకమీదట మొదటి బేస్ దగ్గర నిలబడి పరిగెత్తేవాళ్ళకి ఆగు, ఉరుకు అని కేకలు పెడతారు. గొంతు బాగుంది.

వెరీనా మైదానంలో ఏం మాట్లాడేదని ఆయన్ని అడిగాను. బంకమట్టి గురించట. వాగు గట్టున నీలం బంకమట్టి ఎక్కడ దొరుకుతుందో ఆయనకి చూపించిందట, ఆయన రెండు బకెట్లు మోసి పెట్టారట.

కాబట్టి ఆమె అనుకున్నది ఆయన్ని కాదు. ఇంకెవరో. నాకు తట్టడం లేదు. ఈ చుట్టుపక్కల ఎడమచేత్తో తినే ప్రతి మనిషినీ కళ్ళప్పగించి చూశాను. ఏప్రిల్ 10 సోమవారం సాయంత్రం లీగుకి జట్ల పేర్లు ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఎవరూ ఊరు మారడానికి లేదు.

మిగతా ఎనిమిదిమంది విషయంలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. డెల్బర్ట్ జిమ్‌లో నేలబంతి ఒక్కటీ వదల్లేదు. దాన్ని చూస్తే నీ గుండె ఆగేది.

ఆ మాట రాసి కొట్టెయ్యాలనుకున్నాను. వదిలేస్తున్నాను.

అనుమానించినందుకు ఏమీ అనుకోకు.
ఆర్నో

*

మేసా
ఏప్రిల్ 4

బావా, బావా,

నాలుగోది నాకు! లియోనా పెద్దగా చదివి వినిపిస్తూ అక్కడ ఆగిపోయింది, నవ్వలేక కుర్చీలోంచి జారింది. కోపం ఎక్కడుందో వెతుక్కున్నా దొరకలేదు. ఎక్కడ తగిలింది? రాయడానికి వీల్లేని చోటైతే రాయకు.

మేము ఇరవయ్యో తేదీకి ఇంటికి బయల్దేరుతున్నాం. మీ జట్టు గురించి రోజూ లియోనాతో వాదిస్తున్నాను. అది ఇప్పుడు కొంగల పక్షం. నిజం చెప్పనా, నువ్వు రాసింది చదివితే నాకూ ఒళ్ళు పులకరిస్తోంది. ఎవరికీ చెప్పకు.

మావాడి సంగతే పాలుపోవడం లేదు. ఇంకా సంతకం పెట్టలేదు. మా మేనేజరు రెండుసార్లు వెళ్ళి వాళ్ళ వంటింట్లో కూర్చుని తిని వచ్చాడట. "ఇంకొన్నాళ్ళు చూస్తాను" అన్నాడట. ఏం చూస్తాడు? పొలంలో ఏముంది చూడటానికి? కోడలు చెబుతోంది, చలికాలమంతా ఆదివారాలు ఎక్కడికీ కదలకుండా, కాఫీ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుంటున్నాడట. కారు చప్పుడైతే లేచి చూస్తాడట. ఆట మానేస్తాడేమో బావా. మానేస్తే ఆ చెయ్యి వృథా. వాడు ఏ చొక్కా వేసుకుని ఆడినా సరే, ఆడితే చాలని ఉంది నాకు.

దేవుడు నీకు ఎవర్నో ఒకర్ని చూపించాలి. గోడ గడియారాన్ని కొట్టేవాణ్ణి మాత్రం కాదు.

సిల్వెస్టర్

*

బోర్కెన్
ఏప్రిల్ 9, ఆదివారం సాయంత్రం

బావా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఎర్విన్ పరిగెత్తుకుంటూ తెచ్చాడు. ఇప్పుడు ఉత్తరాలు కూడా పరుగు మీదే పంచుతున్నాడు.

శుక్రవారం వాన పడి మిగిలిన మంచు కరిగింది. ఈరోజు పూజ అయ్యాక దంతె తీసుకుని మైదానానికి వెళ్ళాను. టార్పాలిన్ ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఫాదర్ అలోయిస్ వచ్చారు. ఆగస్టు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె కప్పింది కప్పినట్టే, అంచుల మీద ఆమె పెట్టిన ఇటుకలతో సహా ఉంది.

ఎత్తాం. క్లెమ్ ముందుకాలు పడే పాత గుంట మామూలుగా పూడ్చి ఉంది. దానికి జానెడు పక్కన, ఎప్పుడూ మావాళ్ళెవరి కాలూ పడని చోట, ఇంకొకటి ఉంది. పాత మట్టి తవ్వి తీసేసి, నీలం బంకమట్టి నింపి, గట్టిగా అణిగేదాకా దిమ్మిస కొట్టింది. ఆ రోజు అంతసేపు చేసిన పని అది. దాని నడుమ బూటు అచ్చు. అంచులు మంచుకి కాస్త విరిగాయి, అయినా తెలుస్తోంది.

"ఇదేమిటి మేస్టారూ?" అన్నారు ఫాదర్.

"ఎవరో కాలు పెట్టి చూసుకున్నారు."

"కుడికాలు," అన్నారాయన. "మీ క్లెమ్‌కి ముందు పడేది ఎడమకాలు కదా. ముందు కుడికాలు పడేది ఎడమచేత్తో విసిరే మాలాంటివాళ్ళకే." ఆయన తన కుడికాలు పక్కన పెట్టి కొలిచారు. "అమ్మో, నాది ఇందులో సగం. ఎవరండీ ఈ భీముడు?"

ఆ బూట్లో పిల్లి ఈనవచ్చు బావా.

నేను అక్కడే తడిమట్టి మీద కూర్చున్నాను. ఫాదర్ కంగారుపడ్డారు. ఏమీ లేదు, నవ్వొస్తోంది అన్నాను. నిజంగానే నవ్వాను. ఆగస్టు తర్వాత మొదటిసారి.

నోర్బర్ట్ ఆ రోజు సర్దిచెప్పడానికి రాలేదు. మీ ఊరివాడు, నీ కొడుకు, తనంతట తాను అడగకూడదు. అత్తకి చెప్పి ఉంటాడు, మామయ్య వచ్చి అడిగితే వస్తానని. ఆమె వాడి కాలు ఎక్కడ పడుతుందో చూసుకుని, చోటు సిద్ధం చేసి, పైన కప్పి వచ్చింది. వాడు చలికాలమంతా కాఫీ పెట్టుకుని కూర్చున్నది నా కారు చప్పుడు కోసం. నేను ఇక్కడ ఫాదర్లకి గురిపెట్టుకుంటూ, నీకు మాటలు ఇచ్చుకుంటూ కూర్చున్నాను.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అడగలేదన్నావు కాబట్టి నీకు నష్టం లేదు. హెల్మ్స్‌బర్గ్ వాళ్ళు నిన్ను ఊళ్ళోకి రానివ్వకపోతే నా దగ్గర ఉండండి, గదులున్నాయి. ఏ చొక్కా అయినా సరే అని నువ్వే రాశావు. ఆ కాగితం దాచాను.

లెక్క మళ్ళీ చూశాను. ఆరు ఇన్నింగ్స్ క్లెమ్, తర్వాత మూడు నోర్బర్ట్. మీ ఎడమవైపు బ్యాటర్లు నలుగురి లోపాలూ వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎర్విన్ బంతి కింద పడనివ్వడు. రూబెన్ మోకాళ్ళు సెప్టెంబరు దాకా నిలిస్తే మమ్మల్ని ఎవరూ ఆపలేరు.

వాడు కాదంటే? ఫాదర్ దొరికాడని విన్నాక మనసు మార్చుకుని ఉంటే? ఉండొచ్చు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి తేలిపోతుంది. పేర్లు రేపు సాయంత్రం ఇవ్వాలి.

రేపు పొద్దున, పాలు పితకడం అయ్యే వేళకి నోర్బర్ట్ ఇంటికి వెళ్తాను. వాకిట్లో ఇంజను ఆపేస్తాను. లోపలికెళ్ళి వంటింట్లో కూర్చుంటాను. ఏది పెడితే అది తింటాను. ఆ తర్వాత అడుగుతాను.

ఆర్నో